బాలి వెళ్తే ఉబుద్ చిత్రశాలలు: ఏది ముందు, ఎంతసేపు, ఏం చూడాలి

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ అమ్ముతున్న బాలి ప్యాకేజీల్లో చిత్రకళకు పేరున్న ఉబుద్ ఊరికి దక్కేది ఒక్క పూట. కోతుల అడవి, తెగల్లాలాంగ్ వరిమడులు, ఊయల మీద ఫొటో, మార్కెట్లో అరగంట, మళ్లీ బండెక్కి బీచ్ ఉన్న కుటాకి. ఉబుద్ ప్యాలెస్‌కి అయిదు నిమిషాల నడకలో ఉన్న పురి లుకిసాన్ మ్యూజియం ఆ జాబితాలో కనపడదు. ఊరికి పడమర వైపు నేకా, దక్షిణాన ఆర్మా మ్యూజియాలు కూడా కనపడవు. రామాయణ భారతాలు వింటూ పెరిగినవాళ్లు ఈ మూడింటినీ చూడకుండా తిరిగి రావడం పెద్ద నష్టం. ఆ గోడల మీద ఉన్న కథల్లో చాలావరకు మనకు తెలిసినవే. వాటిని అక్కడివాళ్లు ఎలా చెప్పుకున్నారో, 1930ల తరవాత వాటి పక్కనే తమ పొలాలనూ సంతలనూ ఎలా గీశారో ఒకేచోట చూడొచ్చు. యూరప్ నుంచి వచ్చిన టూరిస్టుకి పక్కన గైడు ఉండి చెప్పాల్సిన సంగతి సగం మనకు చూపుతోనే తెలిసిపోతుంది.

ముందు బస సంగతి తేల్చుకోవాలి. కుటా, సెమిన్యాక్‌లలో ఉంటూ ఉబుద్‌కి వెళ్లి రావాలంటే ఒక్కో వైపు గంటన్నర, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు పడుతుంది. అలా వెళ్తే మ్యూజియానికి మిగిలేది నలభై నిమిషాలు, అది ఏ మూలకీ చాలదు. ఉబుద్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. మూడు మ్యూజియాలూ ఒకే రోజు పెట్టుకోవద్దు. బాలి చిత్రాల్లో జానెడు జాగా కూడా ఖాళీగా ఉండదు, ఆకు ఆకునీ గీస్తారు. రెండో మ్యూజియం అయ్యేసరికే కన్ను అలసిపోతుంది, మూడోదానిలో అన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. పొద్దున ఒకటి, మూడున్నర దాటాక ఇంకొకటి, మర్నాడు మూడోది పెట్టుకుంటే సరిపోతుంది. మూడూ ఉదయం 9కి తెరుస్తారు, సాయంత్రం 5–6 మధ్య మూస్తారు. టికెట్ ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్ చూసుకోండి. టికెట్‌తో పాటు కాఫీయో టీయో ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, కౌంటర్ దగ్గర అడగండి.

మొదట పురి లుకిసానే చూడాలి. బాలిలో చిత్రకళకంటూ పుట్టిన మొదటి మ్యూజియం ఇది, 1956లో తెరిచారు. దీని వెనక ఉన్న కథ తెలిస్తే లోపలి అమరిక అర్థమవుతుంది. అంతకు ముందు బాలిలో బొమ్మలు గీసింది గుళ్ల కోసం, రాజుల కోసం. పొడవాటి గుడ్డల మీద తోలుబొమ్మల్లాంటి ఆకారాలతో పురాణ కథలు గీసేవారు. 1927లో వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు, 1929లో రుడాల్ఫ్ బొనెట్ అనే డచ్ చిత్రకారుడు బాలి చేరారు. కాగితం, చైనా సిరా, రంగులు కొత్తగా అందుబాటులోకి వచ్చాయి, కొనే టూరిస్టులూ వచ్చారు. చూస్తుండగానే కుర్రాళ్లు కోడిపందాలు, కోతలు, నాట్యాలు గీయడం మొదలుపెట్టారు. టూరిస్టుల చేతికి నాసిరకం బొమ్మలు పోతున్నాయని, నాణ్యత నిలబెట్టాలని 1936లో ఉబుద్ రాజవంశీకుడు చొకోర్దె గెదె అగుంగ్ సుకవతి, స్పీస్, బొనెట్, బాలి చిత్రకారుడు లెంపాద్ కలిసి పిటా మహా అనే సంఘం పెట్టారు. వందమందికి పైగా కళాకారులు అందులో ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అది చెదిరిపోయింది. స్పీస్‌ని డచ్చివాళ్లు బందీగా ఓడలో తరలిస్తుండగా 1942లో జపాన్ బాంబు దాడిలో ఆ ఓడ మునిగి చనిపోయాడు. యుద్ధం తరవాత మిగిలినవాళ్లు, ఈ బొమ్మలన్నీ విదేశాలకు పోకుండా ఊళ్లోనే ఉండాలని కట్టినదే పురి లుకిసాన్.

రోడ్డు మీద నుంచి చిన్న వాగు దాటి మెట్లెక్కితే తామర కొలనులు, వాటి చుట్టూ నాలుగు భవనాలు కనిపిస్తాయి. అందరూ నేరుగా ఎదురుగా ఉన్న ఉత్తరం భవనానికి వెళ్తారు. అలా కాకుండా మొదట తూర్పున ఉన్న వయాంగ్ భవనంలోకి వెళ్లండి. అక్కడ ఉన్నది తోలుబొమ్మల పోలికలో గీసే పాత పద్ధతి. ఆ శైలి కంటికి అలవాటు పడ్డాక ఉత్తరం భవనానికి వెళ్తే, 1930లలో ఏం మారిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మనుషుల ఒంటికి కండ వచ్చింది, వెలుగు నీడలు వచ్చాయి, చెట్ల వెనక దూరం కనిపించింది. ఇక్కడే కనీసం గంట గడపాలి. ఆ తరవాత పడమటి భవనంలో యుద్ధం తరవాతి చిత్రాలు. దక్షిణ భవనం సంస్థాపకుల గురించీ, తాత్కాలిక ప్రదర్శనల గురించీ. దానికి పావుగంట చాలు.

ఉత్తరం భవనంలో తప్పకుండా ఆగాల్సింది ఇ గుస్తి న్యోమాన్ లెంపాద్ గీతల దగ్గర. ఆయన చిత్రకారుడే కాదు, గుడులు కట్టిన స్థపతి, శిల్పి, శవయాత్రల మంచెలు తయారుచేసినవాడు. ఉబుద్ నడిబొడ్డున తామరకొలను మధ్య ఉన్న సరస్వతి గుడి ఆయన పనే. నూరేళ్లకు పైగా బతికి 1978లో పోయాడు. మిగతా బాలి చిత్రకారులు కాగితమంతా నింపేస్తే, లెంపాద్ మాత్రం తెల్లకాగితం మీద సన్నటి సిరా గీత గీసి వదిలేస్తాడు, ఎక్కడో ఒకచోట ఎరుపో బంగారమో చుక్క పెడతాడు. దగ్గరికెళ్లి భుజం నుంచి మణికట్టు దాకా గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. చేయి తడబడిన చోటు కనపడదు. కాగితం పాతబడి పసుపు మచ్చలు పడ్డాయి, అది ఇక్కడి గాలిలోని తేమ చేసే పని. చెక్క శిల్పాల్లో మాస్ గ్రామానికి చెందిన ఇద బాగుస్ న్యానా పేరున్నవాటిని వెతకండి. చెక్కలో ఉన్న వంపుకి తగ్గట్టు మనిషినే సాగదీయడమో, గుండ్రంగా చుట్టేయడమో ఆయన పద్ధతి. ఇప్పుడు రోడ్డు పక్క దుకాణాలన్నింటిలో కనిపించే సాగదీసిన బొమ్మలు ఈ పద్ధతికే నకళ్లు. అసలుని చూసి వస్తే నకలు చూడగానే పట్టుబడుతుంది.

లేబుళ్ల మీద కళాకారుడి పేరు, సంవత్సరం, ఒక వరస శీర్షిక ఉంటాయి. కథ ఏమిటో వివరంగా రాయరు, కాబట్టి పాత్రల్ని గుర్తుపట్టడం తెలియాలి. ఇక్కడ మన చదువు పనికొస్తుంది కానీ నేరుగా కాదు. బాలి రామాయణం వాల్మీకి నుంచి సూటిగా రాలేదు, భట్టికావ్యాన్ని అనుసరించిన పాత జావా భాష కావ్యం నుంచి వచ్చింది. భారతం కూడా పాత జావా వచనంలోనే వాళ్లకు చేరింది. అందులో విరాటపర్వం 996 నాటిది, అంటే మన నన్నయ కన్నా సుమారు యాభై ఏళ్లు ముందు. అందుకే రావణుడు రహ్వానా అవుతాడు, విభీషణుడు విబిసానా అవుతాడు, సన్నివేశాల్లో మనకు తెలియని మలుపులు ఉంటాయి.

మొదట కళ్లు చూడండి. సన్నగా, కోలగా ఉంటే సౌమ్యులు: రాముడు, అర్జునుడు, సీత. గుండ్రంగా, గుడ్లు బయటికి పొడుచుకొచ్చి, కోరలు కూడా ఉంటే రాక్షసులు. భీముడు ఈ రెంటికీ మధ్య. గుండ్రటి కళ్లు, పెద్ద ఒళ్లు, మొలకి నలుపు తెలుపు గళ్ల బట్ట, బొటనవేలికి కత్తిలాంటి పొడవాటి గోరు. ఆ గోరే అతని ఆయుధం, దాని పేరు పంచనకా. ఆ గళ్ల బట్టనే బాలిలో గుళ్ల ముందు విగ్రహాలకూ చెట్లకూ చుట్టి ఉండటం మీరు ఊరంతా చూస్తారు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. కృష్ణుడి ఒళ్లు ఆకుపచ్చ.

వీరుల పక్కన పొట్టిగా, బొజ్జతో, వికారమైన ముఖంతో కనిపించే సేవకులు మన పురాణాల్లో లేరు. రాముడి వైపో పాండవుల వైపో ఉండే ముసలివాడు త్వాలెన్, అతని కొడుకు మెర్దా. శత్రువుల వైపు ఉండేవాళ్లు దెలెం, సంగుత్. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించినట్టే వీళ్లూ నవ్విస్తారు. కానీ త్వాలెన్ ఉత్త విదూషకుడు కాదు, మనిషి రూపంలో ఉన్న దేవుడిగా అతన్ని కొలుస్తారు. యుద్ధ చిత్రంలో ఎవరు ఏ పక్షమో తేలకపోతే ఈ నలుగురూ ఎటున్నారో చూస్తే చాలు.

పాత శైలి చిత్రాన్ని ఎడమ నుంచి కుడికి పుస్తకంలా చదవొద్దు. రాళ్లలాంటి, కొండ అంచులాంటి సన్నటి గీత ఒక సన్నివేశాన్ని ఇంకోదాన్నుంచి విడదీస్తుంది. ఒకే పాత్ర ఒకే గుడ్డ మీద మూడుచోట్ల కనిపిస్తే అవి మూడు వేర్వేరు సమయాలు. గీతల మధ్య ఖాళీల్లో మేఘాల్లాంటి చుట్టలు ఉంటాయి, అవి గాలి. ఇది తెలియకపోతే అంతా గందరగోళమైన గుంపులా కనిపిస్తుంది, చాలామంది అక్కడే విసుగొచ్చి ముందుకి వెళ్లిపోతారు.

మనకు తెలియని కథలు నాలుగయిదు మళ్లీ మళ్లీ వస్తాయి. పద్దెనిమిది మంది పిల్లలతో సతమతమయ్యే పేద దంపతులు కనిపిస్తే అది బ్రయుత్ కథ. లెంపాద్‌కి ఇది బాగా ఇష్టం. స్నానం చేస్తున్న అప్సరస చీర దొంగిలిస్తున్న వేటగాడు రాజపాల. పొడవాటి నాలుక, వేలాడే రొమ్ములు, చెదిరిన జుట్టుతో ఉన్న ఆకారం వస్తే అది చలోన్ అరాంగ్, రాజ్యం మీద తెగుళ్లు వదిలిన మంత్రగత్తె విధవరాలి కథ. రాత్రికొక కథ చెప్పే అమ్మాయి కనిపిస్తే తంత్రి, మన పంచతంత్రానికి దగ్గరి బంధువు.

నేకా మ్యూజియం ఊరికి పడమర, చంపుహాన్ వంతెన దాటి పైకి వెళ్లే సంగ్గింగాన్ రోడ్డు మీద ఉంది. నడిచి వెళ్లాలనుకుంటే ఎండ, ఎత్తు, ఇరుకు ఫుట్‌పాత్, పక్కనుంచి లారీలు. పిల్లలతో అయితే అస్సలు వద్దు, బండి మాట్లాడుకోండి. సుతెజా నేకా అనే సేకర్త దీన్ని 1982లో తెరిచాడు. మూడింటిలోనూ అమరిక బాగా కుదిరింది ఇక్కడే. ఒక్కో మంటపం ఒక్కో అంశం, వరస తప్పకుండా వెళ్తే బాలి చిత్రకళ చరిత్ర మొత్తం పాఠంలా సాగుతుంది. బాలిలో ఒక్కటే మ్యూజియానికి టైముంటే మేము నేకానే చెప్తాం. రెండింటికి టైముంటే పురి లుకిసాన్‌తో మొదలుపెట్టమంటాం.

మొదటి హాల్లో పాత వయాంగ్ శైలి, ఉబుద్ శైలి, బతువాన్ అనే ఊరి శైలి పక్కపక్కనే ఉంటాయి. బతువాన్‌ని గుర్తుపట్టడం తేలిక. నల్లగా, కిక్కిరిసి, దయ్యాల రాత్రిలా ఉంటుంది. పెన్సిల్‌తో గీసి, సిరాతో అంచులు కట్టి, ఆ తరవాత పలచన చేసిన సిరాని పొర మీద పొరగా వేస్తూ ముదురు నుంచి లేతకు తీసుకొస్తారు. రంగు వేసేది చిట్టచివర, అదీ పలచగా. అందుకే అడుగున ఉన్న నలుపు పైకి కనిపిస్తూనే ఉంటుంది. 1936–38 మధ్య మార్గరెట్ మీడ్, గ్రెగరీ బేట్సన్ అనే మానవశాస్త్రవేత్తలు ఈ ఊరి బొమ్మలు ఎనిమిది వందలకు పైగా సేకరించారు. కొత్త బతువాన్ చిత్రాల్లో పీడకలల పక్కనే కెమెరాలు మెడలో వేసుకున్న టూరిస్టులు, సర్ఫింగ్ పలకలు, హెలికాప్టర్లు కూడా దూరిపోతాయి. పిల్లలకు పందెం పెట్టండి, ఒక బతువాన్ చిత్రంలో టూరిస్టులు ఎంతమందో లెక్కపెట్టమని. అరగంట కదలరు.

అరీ స్మిత్ మంటపం దగ్గర ఒక్కసారిగా రంగు మారుతుంది. ఈయన డచ్చి దేశంలో పుట్టి ఇండోనేసియా పౌరుడైన చిత్రకారుడు. 1960 ప్రాంతంలో పెనెస్తానాన్ ఊరి కుర్రాళ్లకు రంగులూ కాగితాలూ ఇచ్చి, ఎలా గీయాలో చెప్పకుండా వదిలేశాడు. వాళ్లు ఆకాశాన్ని ఊదాగా, పొలాన్ని గులాబీగా వేశారు. మనుషుల ముఖాల్లో చాలాసార్లు కళ్లూ ముక్కూ ఉండవు. పురి లుకిసాన్ పడమటి భవనంలో చూసినవి, ఇక్కడివి కలిపి చూస్తే ఈ గుంపు ఎంత ధైర్యంగా గీసిందో తెలుస్తుంది. ఫొటోల మంటపంలో 1930లలో రాబర్ట్ కోక్ తీసిన బాలి ఫొటోలున్నాయి. కుటా బీచ్‌లో తొలి హోటల్ పెట్టినవాళ్లలో ఒకడు, అక్కడికి సర్ఫింగ్ తెచ్చినవాడూ ఈయనే. ఖాళీ కుటాని చూసి ఇప్పటి కుటాకి వెళ్తే ఆ తేడా మనసుని పట్టేస్తుంది. సమకాలీన ఇండోనేసియా హాల్లో అబ్దుల్ అజీజ్ వేసిన జంట చిత్రం ముందు ఎప్పుడూ గుంపు ఉంటుంది. రెండు వేర్వేరు చట్రాల్లో అబ్బాయి, అమ్మాయి చట్రం అంచుకి ఆనుకుని ఒకరినొకరు చూసుకుంటుంటారు, నీడలు గోడ మీదే పడినట్టు ఉంటాయి. నేకాలో కృసుల సేకరణ కూడా పెద్దదే. ఆ వంకీల బాకుల మీద ఆసక్తి లేకపోతే దాటేయొచ్చు.

ఆర్మా అంటే అగుంగ్ రాయ్ మ్యూజియం. పెంగోసెకాన్‌లో ఉంది, 1996లో తెరిచారు. తోటలు, నీళ్లు, నాట్యశాల, పక్కనే బస, అన్నీ కలిపి ఒక పెద్ద ఆవరణ. భవనాలు గొప్పవి, అమరిక నేకా అంత బిగువుగా ఉండదు. కానీ ఇంకెక్కడా దొరకని రెండు ఇక్కడ ఉన్నాయి. ఒకటి, వాల్టర్ స్పీస్ చేతి అసలు చిత్రం. స్పీస్ ప్రభావం గురించి ఉబుద్ అంతా మాట్లాడుతుంది, కానీ ఆయన అసలు చిత్రాలు ద్వీపం దాటిపోయాయి. ఇక్కడున్న చలోన్ అరాంగ్ చిత్రం 1930 నాటిది. పక్కన పెట్టిన నకళ్లతో పోల్చి చూడండి. ఆకుల మీద పడే వెలుగు అసల్లో లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది, నకల్లో పైన పూసినట్టుంటుంది. ఈ వెలుగునీ, ఒకే చిత్రంలో రెండు మూడు క్షితిజాలు పెట్టే పద్ధతినీ సొబ్రాత్ లాంటి ఉబుద్ చిత్రకారులు ఎలా అందుకున్నారో గుర్తుపట్టొచ్చు. రెండోది, రాదెన్ సాలే 1837లో గీసిన జావా కులీన దంపతుల చిత్రం. యూరప్‌లో చదువుకున్న తొలి జావా చిత్రకారుడాయన. సాయంత్రాలు ఆర్మా ఆవరణలో నాట్య ప్రదర్శనలుంటాయి. మూడున్నరకి మ్యూజియంలోకి వెళ్లి, చూసి, అక్కడే తిని, నాట్యానికి కూర్చుంటే పూట నిండుగా గడుస్తుంది. ప్రదర్శన టికెట్ వేరు, ఆ వారం ఏ రోజు ఏది ఉందో ముందు కనుక్కోండి.

ఇంకో పూట మిగిలితే క్లుంగ్‌కుంగ్ వెళ్లడం మంచిది. ఉబుద్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు, ముప్పావుగంట నుంచి గంట. అక్కడి కెర్తా గోసా మ్యూజియం కాదు, పాత రాజాస్థానం న్యాయమంటపం. కప్పు లోపలి భాగమంతా బొమ్మలే. 1908 ఏప్రిల్ 28న డచ్చివాళ్ల తుపాకులకు ఎదురెళ్లి రాజకుటుంబం ప్రాణాలిచ్చింది, రాజప్రాసాదంలో చాలాభాగం నేలమట్టమైంది, ఇది మిగిలింది. కప్పు మీద భీమ స్వర్గ కథ ఉంది. పాండురాజు, మాద్రి నరకంలో ఉన్నారని, వాళ్లని విడిపించి తేవడానికి భీముడు యమలోకానికి వెళ్తాడు. మన భారతంలో ఇలాంటి ఘట్టం లేదు. భీముడు దారి పొడవునా చూసే శిక్షలు, అంటే రంపంతో కోయడం, కాగుల్లో ఉడికించడం, ఏ తప్పుకి ఏది అన్నది వరసగా ఉంటాయి. తీర్పు కోసం నిలబడ్డవాడికి తల పైకెత్తితే ఇవే కనిపించేవి. చిన్నపిల్లలకు కాస్త భయం పుట్టించే బొమ్మలివి.

కిందివరసలో తంత్రి కథలతో మొదలుపెట్టండి. పైకి వెళ్లేకొద్దీ భీముడి ప్రయాణం, మధ్యలో అమృతం కోసం వెళ్లే గరుడుడు, భూకంపాల శకునాలు, అన్నిటికన్నా పైన కొసన స్వర్గం. మంటపం నాలుగు పక్కలా తిరగాలి. అరగంటలో మెడ పట్టేస్తుంది, కాబట్టి ఫోన్ కెమెరాని అద్దంలా వాడి తల దించుకుని చూడటం మేలు. ఈ బొమ్మలు మొదట గుడ్డ మీద ఉండేవి, ఇప్పుడున్నవి పలకల మీద 1960లో తిరిగి గీసినవి. అందుకని ప్రాచీన రంగులు చూస్తున్నామనుకోవద్దు. ఆ రంగుల కోసం పక్కనే ఉన్న కమసాన్ ఊరికి వెళ్లాలి, ఇప్పటికీ అక్కడి ఇళ్లలో పాత పద్ధతిలో పనిచేస్తున్నారు. గుడ్డని బియ్యపు గంజిలో ముంచి ఎండబెట్టి, గవ్వతో రుద్ది నున్నగా చేస్తారు. నలుపుకి మసి, తెలుపుకి కాల్చిన ఎముక, ఎరుపుకి ఇంగిలీకం. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్లకి ఇక్కడ నిలబడగానే కాళ్లు కదలవు. మన దగ్గర గుడ్డకి కరక్కాయ, పాలు పట్టిస్తారు, రంగు నారలోకి ఇంకుతుంది. ఇక్కడ గంజి పొర మీద రంగు నిలుస్తుంది. అందుకే కమసాన్ గుడ్డని మడతపెడితే మడత దగ్గర రంగు పగులుతుంది, కలంకారీకి ఆ బాధ లేదు. మసులీపట్నం తీరం నుంచి అద్దకపు బట్టలు ఈ ద్వీపాలకు శతాబ్దాల పాటు సుగంధద్రవ్యాలకి బదులుగా వెళ్లాయని గుర్తుచేసుకుంటే ఈ రెండింటినీ పక్కపక్కన చూడాలనిపిస్తుంది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. నుసా దువాలో రిసార్ట్ వదిలి రావడం కుదరనివాళ్లకి అక్కడే పసిఫికా మ్యూజియం ఉంది. హాళ్లు పెద్దవి, జనం తక్కువ, బాలిని గీసిన విదేశీ చిత్రకారులు బాగా ఉంటారు, బాలి వాళ్లు తక్కువ. సనూర్ తీరంలో బెల్జియం చిత్రకారుడు లె మేయర్ ఇల్లు ఉంది. నాట్యకత్తె ని పొల్లోక్‌ని 1935లో పెళ్లాడి ఆయన అక్కడే ఉన్నాడు. సముద్రపు తేమకి ఆ చిత్రాలు దెబ్బతిన్నాయి. ఇల్లు తెరిచే ఉందో లేదో కనుక్కున్నాకే వెళ్లండి. బ్లాంకో మ్యూజియం నగ్నచిత్రాలతో నిండి ఉంటుంది, కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. పిల్లలున్నవాళ్లకి మా ఓటు సెతియా దర్మాకి. మాస్ దగ్గర పాత చెక్క ఇళ్లలో వేలకొద్దీ ముసుగులు, తోలుబొమ్మలు, కొయ్యబొమ్మలు ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లకూడదో కూడా చెప్పాలి. బాలి కొత్త సంవత్సరం న్యేపి చాలా ఏళ్లు మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ 24 గంటలూ ఎయిర్‌పోర్ట్‌తో సహా అన్నీ మూత, హోటల్ గేటు దాటనివ్వరు. ఉగాది సెలవుల్లో టికెట్లు తీసుకునేవాళ్లు న్యేపి తేదీ చూడకుండా తీసుకోవద్దు. గలుంగాన్ పండగ 210 రోజులకొకసారి తిరిగి వస్తుంది, దానికి పది రోజుల తరవాత కునింగాన్. ఆ రోజుల్లో మ్యూజియాలు మూసేస్తారు. వీధులు మాత్రం వెదురు తోరణాలతో కళకళలాడుతుంటాయి. చాలా హాళ్లలో ఏసీ ఉండదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఉక్క. తామర కొలనులున్నచోట దోమలుంటాయి, మందు రాసుకుని వెళ్లండి. అద్దం వెనక ఉన్న చిత్రం మీద కిటికీ వెలుగు పడి మెరిస్తే అడుగు పక్కకి జరిగి చూడండి. ఫ్లాష్ వాడకూడదు. మెట్లు ప్రతిచోటా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి నేకా కన్నా ఆర్మా తోట కాస్త నయం. ఉబుద్‌లో యాప్‌లో పిలిచే గ్రాబ్, గోజెక్ బళ్లు ఎక్కించుకోవడానికి చాలాచోట్ల స్థానిక డ్రైవర్లు ఒప్పుకోరు. రోజంతటికి డ్రైవర్‌తో కారు మాట్లాడుకుని, షాపులు వద్దు, మ్యూజియాలే చాలని ఎక్కేముందే చెప్పండి. లేకపోతే వెండి దుకాణం, కాఫీ తోట, బాటిక్ షోరూం దారిలో కలుస్తాయి, డ్రైవర్లకి అక్కడ కమిషన్ ఉంటుంది. కెఫేల్లో శాకాహారులు గాడో-గాడో (వేరుశెనగ సాస్‌తో ఇచ్చే కూరగాయల సలాడ్) చెప్పేటప్పుడు రొయ్యల ముద్ద వేయొద్దని చెప్పాలి, అక్కడి మాటల్లో "తన్పా తెరాసి".

కొనడం మాత్రం మ్యూజియాలన్నీ చూశాకే. మూడు మ్యూజియాలు చూసిన కంటికి రోడ్డు పక్క గ్యాలరీల్లో ఉన్న సరుకు విలువ తేలిగ్గా తెలుస్తుంది. ఒకే చిత్రం నాలుగు షాపుల్లో కనిపిస్తే అది ఫ్యాక్టరీ పని. పక్షులూ పూల బొమ్మల్లో రెక్క మీద ఈకలు దేనికది గీశారో, బ్రష్‌తో ఒకే పూత కొట్టారో దగ్గరగా చూడండి. లెంపాద్ గీత, ఇండోనేసియా చిత్రకారుడు అఫండి వేసిన చిత్రం అని తక్కువ ధరకి ఎవరైనా చూపిస్తే నకలే అనుకోండి, ఈ రెండు పేర్ల మీద నకళ్లు బజారంతా ఉన్నాయి. చేతిలో పట్టే, సూట్‌కేసులో సర్దే మంచి సరుకు కావాలంటే ఉబుద్‌కి ఉత్తరాన కెలికి ఊరి చిన్నచిత్రాలు. పోస్టుకార్డంత కాగితం మీద సన్నటి సిరా గీతలతో ఊరంతా గీస్తారు. గీసినవాళ్ల దగ్గరే కొని, వెనక పేరూ ఊరూ రాయించుకోండి.

క్యాన్వాస్ కొంటే చట్రం తీయించండి. రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలి, లోపలికి చుడితే రంగు పొర ఒత్తిడికి ముడతపడి రాలుతుంది. బటర్ పేపర్ మధ్యన పెట్టి, కనీసం పది సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి గొట్టంలో పెట్టించండి. సన్నగా చుట్టిన కొద్దీ పగుళ్లు ఎక్కువ. కమసాన్ గుడ్డకి ఇంకా పెద్ద గొట్టం కావాలి. బిల్లు మీద కొత్త చిత్రమని, కళాకారుడి పేరు రాయించుకోండి. యాభై ఏళ్లు దాటిన వస్తువుల్ని అనుమతి లేకుండా ఇండోనేసియా దాటించడం నేరం, పాతదని గొప్పగా చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొంటే ఎయిర్‌పోర్ట్‌లో చిక్కు. చెక్క బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త. బాలి తేమలో పచ్చిగా ఉన్న చెక్కని చెక్కి వెంటనే అమ్మేస్తారు. మన వేసవి ఎండకో, ఏసీ గదికో రాగానే పైపొర త్వరగా ఎండి కుదించుకుంటుంది, లోపల తేమ అలాగే ఉంటుంది, దాంతో నిలువునా చీలుతుంది. బొమ్మ సైజుకి బరువు మరీ ఎక్కువగా ఉందంటే చెక్క ఇంకా పచ్చిదే. అడుగుభాగంలో ఇప్పటికే సన్నటి చీలికలున్నాయేమో తిప్పి చూడండి. ఇంటికి తెచ్చాక రెండు మూడు నెలలు ప్లాస్టిక్ సంచిలో ఉంచి, మూతి కొద్దికొద్దిగా తెరుస్తూ రండి. ఏసీ గాలి తగిలే గోడకి, ఎండపడే కిటికీకి దూరంగా పెట్టండి.